కూడికలు, తీసివేతలు

(డార్మ్‌స్టాట్ నగరంలో ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు మాకిచ్చిన విషయం "కొద్దికొద్దిగా చేరి పెద్దదగుట". అరగంట సమయం ఇచ్చినారు. బడిపంతులుకు అరగంట ఇస్తే ముప్పావుగంట తీసుకుంటాడని వారికి తెలియును గనుక గడియారాన్ని మా కళ్ళ ఎదుటనే పెట్టినారు. మేము నేటాల్‌లో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు, సామాన్యశాస్త్రం చెప్పినవారం. మా తాతగారు ఓడ దిగి వచ్చినవారు. మా నాయనగారు చెరకు తోట పక్కన పుట్టినవారు. మేము మూడవ తరం. ఇప్పుడు ఉద్యోగం విరమించి, ఈ ఊరిలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. మా తెలుగు ఒడిలో నేర్చినది కాదు, నలభై దాటిన తరువాత సాయంకాలపు తరగతిలో బల్ల మీద కూర్చుని నేర్చినది. అందుచేత మా మాటలకు పుస్తకం వాసన ఉంటుంది. హైదరాబాదు నుండి వచ్చిన యువ ఇంజనీర్లు నవ్వుకొనవచ్చును, మాకేమీ అభ్యంతరం లేదు.

ఇచ్చిన విషయం మీద సామెతలకు కొదవ లేదు. చినుకు చినుకు కలిస్తే వరద అంటాం. పైసా పైసా కూడితే రూపాయి అంటాం. బడిలో ఈ మాటలు మేమూ చాలాసార్లు నల్లబల్ల మీద వ్రాసినాం. అయితే సామెత సగమే చెప్పుతుంది. చినుకులన్నీ వరదలో కలవవు. సగానికి పైగా ఇసుకలో ఇంకిపోతవి, కొన్ని ఎండకు ఆరిపోతవి. కలిసిన చినుకు ఎందుకు కలిసింది, కలవని చినుకు ఎక్కడికి పోయింది అని అడిగితే గాని విషయం తేలదు. ఆ ప్రశ్న అడగడానికి ఈ ఊరి కన్న తగిన ఊరు మాకు కనబడలేదు. ఎందుకో చెప్పుతాం.

ఈ నగరానికి ఉత్తరపు కొసన విక్స్‌హౌసెన్ అనే పేట ఉన్నది. అక్కడ అడవి అంచున 1969లో స్థాపించిన ఒక పరిశోధన కేంద్రం ఉన్నది. జి.ఎస్.ఐ. అంటారు. మీలో కొందరి పిల్లలు అక్కడికి బడి వారితో వెళ్ళి చూచి ఉంటారు. అక్కడ చేసే పని చెప్పడానికి సులభం: కూడిక. చిన్న బడిలో రెండవ తరగతి పిల్లవాడు చేసే కూడికే.

ప్రతి మూలకానికి ఒక సంఖ్య ఉన్నది గదా. ఉదజనికి ఒకటి, బంగారానికి 79, సీసానికి 82, యురేనియానికి 92. పరమాణువు నడిమి గింజలో ఎన్ని ప్రోటాన్లు ఉంటే అది దాని సంఖ్య. యురేనియం దాటిన తరువాత ప్రకృతి ఇంచుమించు చేతులు ఎత్తివేసింది. అంతకంటే పెద్దవి కావలెనంటే మనిషే కూడవలెను. డార్మ్‌స్టాట్ వారు నికెల్ తీసుకున్నారు, దాని సంఖ్య 28. సీసం తీసుకున్నారు, దాని సంఖ్య 82. రెండూ కలిపితే 110. అంతే లెక్క.

లెక్క అంతే గాని పని అంత కాదు. ప్రోటాన్లన్నీ ఒకే ఆవేశం గలవి. దగ్గరికి వస్తే ఒకదానినొకటి తోసివేస్తవి, ఇద్దరు కార్యదర్శులున్న సంఘం వలె. ఆ తోపును దాటించడానికి నికెల్ అయాన్లను 120 మీటర్ల పొడవు గల యంత్రంలో పరుగెత్తించినారు. వెలుగు వేగంలో ఇంచుమించు పదవ వంతు వేగం. నెమ్మదిగా పంపితే గింజలు తాకవు, వెనుకకు మళ్ళుతవి. మరీ వేగంగా పంపితే తాకుతవి గాని, కలిసిన ముద్ద వేడెక్కి పగిలిపోతుంది. ఎంత వేగం కావలెనో అంతే వేగం, అటూ ఇటూ కాకుండా. సీసపు రేకులను ఒక చక్రానికి బిగించి తిప్పుతూ ఉంటారు. ఎందుకంటే సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. ఒకే చోట అదే పనిగా కొడితే రేకు కాస్తా కారిపోతుంది. మా అమ్మ పెనం మీద అట్టును తిప్పినట్లు తిప్పవలెను.

ఇక చినుకుల సంగతి చూడండి. సెకనుకు లక్ష కోట్లకు పైగా నికెల్ అయాన్లు ఆ రేకు మీద పడుతవి. పరమాణువులో గింజ ఎంత చిన్నదంటే, వాటిలో చాలా భాగం దేనికీ తగలకుండా అవతలికి పోతవి. తగిలినవి చాలా భాగం పక్కకు చెదిరిపోతవి. కలిసినవి కూడా ఇంచుమించు అన్నీ వెంటనే రెండు ముక్కలైపోతవి. ఇట్లా రోజుల తరబడి రాత్రింబగళ్ళు కొట్టగా కొట్టగా, 1994 నవంబరు 9న, సాయంకాలం 4 గంటల 39 నిమిషాలకు, ఒక్కటి నిలిచింది. నిలిచింది అంటే ఎంతసేపు? సెకనులో వెయ్యవ వంతు కూడా లేదు. ఆ ఒక్కదానికే తరువాత, 2003లో, ఈ ఊరి పేరు పెట్టినారు. డార్మ్‌స్టాటియం. 110 జర్మనీలో పోలీసులను పిలిచే టెలిఫోను సంఖ్య గనుక దానికి "పోలీసియం" అని పెట్టవలెనని కొందరు హాస్యమాడినారట. ఆ పేరు పెట్టలేదు, మంచిదైంది.

ఇది ఒక్కటే కాదు. ఆ యంత్రం నుండి 107వది 1981లో, 109వది 1982లో, 108వది 1984లో, 110తో పాటు 111వది 1994లో, 112వది 1996లో వచ్చినవి. 108 కన్న 109 ముందు రావడం గమనించండి. కూడిక ఎప్పుడూ వరుసగా సాగుతుందనుకోవడం పాఠ్యపుస్తకాల భ్రమ. 1982లో 109 దొరికినప్పుడు వారి చేతిలో పడినది ఒకే ఒక పరమాణువు. దాని మీదనే వారు మాట నిలబెట్టినారు.

మీరు అడగవచ్చును: సెకనులో వెయ్యవ వంతు కూడా ఉండని దానిని వారు ఎట్లా చూచినారు? చూడలేదు. అది విచ్ఛిన్నమైన తీరును లెక్కించినారు. 110 నుండి రెండు ప్రోటాన్లు గల ఒక కణం వెలువడితే 108 అవుతుంది. దాని నుండి ఇంకొకటి వెలువడితే 106. తరువాత 104. తరువాత 102. ఈ కొసన ఉన్నవి ముందే తెలిసినవి. వాటి గుణం, వాటి ఆయుర్దాయం పుస్తకంలో వ్రాసి ఉన్నవి. తెలిసిన మనుమడిని పట్టుకుని, అతని తండ్రి, ఆ తండ్రికి తండ్రి అని వెనుకకు నడిచి, కంటికి కనబడని ముత్తాతను గుర్తుపట్టినారు. శాస్త్రజ్ఞులు కూడా ఆ మెట్లను వంశం మాటలతోనే పిలుస్తారు, తల్లి గింజ, కూతురు గింజ అని. మన వంటి వారికి, అనగా వారసులకు, ఇది కొత్త పద్ధతి కాదు. ముత్తాతను మనలో ఎవరు చూచినారు?

ఒక సంగతి ఇక్కడ దాచకుండా చెప్పవలెను. 1994లో 110వ మూలకానికి చూపిన గొలుసులలో ఒకటి, తరువాత పాత నమోదులను తిరిగి పరిశీలిస్తే, అసలు యంత్రపు లెక్కలలో లేదు. ఆ సంగతి ఆ కేంద్రం వారే 2002లో ప్రకటించి, దానిని కొట్టివేసినారు. కొట్టివేసినా మూలకం పోలేదు. మిగిలిన గొలుసులు గట్టివి గనుక నిలిచింది. మన సంఘాల వార్షిక నివేదికలలో హాజరు సంఖ్య ఏటేటా ఎట్లా పెరుగుతుందో మనందరికీ తెలిసిన విషయమే. ఒక్క అబద్ధపు అంకె పడితే దాని పక్కనున్న నిజం అంకెలను కూడా ఎవరూ నమ్మరు. ఈ మాట మన సంఘాన్ని ఉద్దేశించి కాదని కార్యదర్శిగారికి ముందే మనవి చేసినాం.

ఇప్పుడు మిమ్మల్ని సముద్రం దాటించి నేటాల్‌కు తీసుకుపోతాం. మీలో మారిషస్ వారు, మలేషియా వారు, ఫిజీ వారు ఉన్నారు. మీ కథలో ఓడ పేర్లు, పంట పేర్లు వేరు కావచ్చును. లెక్క మాత్రం ఒక్కటే.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి వచ్చి డర్బన్‌లో ఆగింది. అప్పటి నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పందపు కూలీలుగా నేటాల్‌లో దిగినారు. అందులో ఎక్కువ మంది మద్రాసు రేవు నుండి వచ్చినవారు, వారిలో తెలుగువారు చాలామంది. ఒప్పందం అయిదేండ్లు. జీతం నెలకు మొదటి ఏడు 10 షిల్లింగులు, రెండవ ఏడు 11, ఈ విధంగా ఏడాదికొక షిల్లింగు పెరిగి అయిదవ ఏట 14. మేము ఈ లెక్కను ఏటా పిల్లల చేత చేయించేవాళ్ళం. పదీ, పదకొండూ, పన్నెండూ, పదమూడూ, పద్నాలుగూ కూడితే 60. పన్నెండు నెలలతో హెచ్చిస్తే 720 షిల్లింగులు, అనగా 36 పౌండ్లు. అయిదేండ్ల మనిషి బ్రతుకు, ఒక్క రోజు కోత పడకపోతే, 36 పౌండ్లు. జబ్బు చేసిన రోజుకు కోత పడేది గనుక చాలామందికి అదీ దక్కలేదు.

దాని పక్కన ఇంకొక లెక్క వేయించేవాళ్ళం. 1895లో ఒక చట్టం చేసినారు. ఒప్పందం తీరిన తరువాత తిరిగి ఒప్పందంలో చేరక, స్వదేశం వెళ్ళక, అక్కడే స్వేచ్ఛగా ఉండదలచిన వారు మనిషికి ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టవలెను. ఆ చట్టం తరువాత ఒప్పందం వ్రాసినవారికి ఇది వర్తించింది. పదహారేండ్లు దాటిన మగపిల్లలకు, పదమూడేండ్లు దాటిన ఆడపిల్లలకు కూడా. భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలిద్దరు ఉంటే ఏడాదికి 12 పౌండ్లు, అనగా 240 షిల్లింగులు. నెలకు 14 షిల్లింగులు సంపాదించే మనిషికి ఏడాది సంపాదన 168. మిగిలిన 72 ఎక్కడి నుండి రావలెను? పిల్లలు బల్ల మీద పెన్సిలు పెట్టి మా ముఖం చూచేవారు. జవాబు లేదు, జవాబు బాకీ. ఈ ఏటి బాకీ మీద మరుసటి ఏటి బాకీ. కొద్దికొద్దిగా చేరి పెద్దదగుటకు మంచి ఉదాహరణలే చెప్పవలెనని ఎక్కడా లేదు. మన పూర్వికుల ఇండ్లలో అన్నిటికంటే వేగంగా పెరిగినది ఈ బాకీయే. చాలామంది దానికి భయపడి మరల ఒప్పందం మీద వేలిముద్ర వేసినారు. చట్టం చేసిన వారికి కావలసినదీ అదే. 1913లో గనుల కూలీలు, తోటల కూలీలు పని మానివేసి నడిచిన సమ్మె వల్ల, గాంధీగారి సత్యాగ్రహం వల్ల, 1914లో ఆ పన్ను పోయింది.

మా తాతగారు 1903లో దిగినవారు. ఆయన పన్ను కట్టినారా, ఎగవేసినారా అనేది మా ఇంట ఎవరూ చెప్పలేదు. ఎగవేసినారనే మేము ఆశిస్తున్నాం.

ఇక మంచి కూడిక చెప్పుతాం. నేటాల్‌లో మన పిల్లలకు ప్రభుత్వం బడులు సరిపోను కట్టలేదు. ఊరివారు సొమ్ము కూడబెట్టి బడి కడితే, పౌండుకు పౌండు ప్రభుత్వం కలిపే పద్ధతి ఉండేది. ఆ బడులను "సహాయం పొందే బడులు" అనేవారు. చాలాకాలం మన పిల్లలలో ఎక్కువ మంది చదివినది అటువంటి వాటిలోనే. మేము మొదట ఉద్యోగంలో చేరిన బడి ఆ విధంగా లేచినదే. దాని పాత జమాఖర్చు పుస్తకం ఆఫీసు బీరువాలో ఉండేది. మేము మధ్యాహ్నం విరామంలో తీసి చదివేవాళ్ళం. ఒక పేరు, ఒక షిల్లింగు. ఒక పేరు, ఆరు పెన్నీలు. ఒకరు సొమ్ము ఇవ్వలేక రెండు రోజుల తాపీ పని ఇచ్చినారు, దానికి వెల కట్టి వ్రాసినారు. ఒక ఆమె పేరు మూడేండ్ల పాటు ప్రతి నెలా కనబడుతుంది, మూడు పెన్నీలు, మూడు పెన్నీలు, మూడు పెన్నీలు. ఆమె పిల్లలెవరూ ఆ బడి రిజిస్టరులో లేరు. బహుశా పిల్లలు లేరేమో. ఆ పుస్తకం ఉన్నది గనుక ఆమె ఉన్నది.

ఓడల జాబితాలూ అంతే. దిగిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చలు కూడా వ్రాసుకున్నారు. పారిపోతే పట్టుకొనుటకు పనికివస్తుందని వ్రాసుకున్న మచ్చలవి. నేడు ఆ మచ్చలను బట్టే మనుమలు తాతను వెదుక్కుంటున్నారు.

కూడిక ఏండ్ల పని. తీసివేతకు ఒక రాత్రి చాలును. ఈ ఊరివారికి ఆ మాట మనం చెప్పనక్కరలేదు. 1944 సెప్టెంబరు 11 రాత్రి బ్రిటిషు విమానాలు ఈ నగరం మీద బాంబులు వేసినవి. గంట లోపలనే పాత ఊరు అంటుకుంది. 11 వేలకు పైగా మనుషులు పోయినారు. నేడు మనం చూచే వీధులు చాలా భాగం ఆ బూడిద మీద మరల పేర్చినవి. కొండ మీది పెళ్ళి గోపురం 1908 నాటిది. పైకి చేయి ఎత్తి చూపినట్లు అయిదు వేళ్ళతో ఉంటుంది. మతిల్డా కొండ అంతటినీ 2021లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినారు. మా దేశంలో బాంబులు పడలేదు. 1950లో చేసిన ప్రాంతాల విభజన చట్టం వచ్చి, ఏ జాతివారు ఏ వీధిలో ఉండవలెనో గీత గీసింది. ఊళ్ళకు ఊళ్ళు ఎత్తివేసినారు. పెన్నీలతో కట్టిన బడులు, గుడులు అక్కడే ఉండిపోయినవి, మనుషులు లారీలెక్కినారు.

కాని మన తెలుగు ఏ బాంబు వల్లా, ఏ లారీ వల్లా పోలేదు. దానికి తారీఖు లేదు. తాతగారు అంతా తెలుగులోనే మాట్లాడేవారు. నాయనగారికి అంతా అర్థమయ్యేది, జవాబు ఇంగ్లీషులో చెప్పేవారు. మాకు తినే వాటి పేర్లు, ఒంట్లో అవయవాల పేర్లు, తిట్లు మిగిలినవి. నాలుగవ తరానికి పచ్చడి, చారు మిగిలినవి, అవి కూడా బజారులో సీసా మీద వ్రాసి ఉంటవి గనుక. ఎవరూ ఒకనాడు కూర్చుని "రేపటి నుండి తెలుగు వద్దు" అని తీర్మానించలేదు. బడిలో ఇంగ్లీషు కావలెను, ఆఫీసులో ఇంగ్లీషు కావలెను, ఈ ఒక్క మాట ఇంగ్లీషులో చెప్పితే పిల్లవాడికి తొందరగా అర్థమవుతుంది. ఆ ఒక్క మాట, ఆ ఒక్క మాట. మూడు పెన్నీల ఆమె కట్టినట్లే కట్టినాం, వ్యతిరేక దిశలో. పెద్దలను మేము తప్పు పట్టుట లేదు. 1931లోనే దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపించినవారు ఆ పెద్దలే. పగలు తోటలలో, ఫ్యాక్టరీలలో పని చేసి రాత్రి లాంతరు కింద అక్షరాలు దిద్దించినవారు ఉన్నారు. వారు లేకపోతే మాకు సాయంకాలపు తరగతి ఎక్కడిది?

ఆ తరగతిలో మాకు వారానికి రెండక్షరాలు చెప్పినారు. యాభై ఆరు అక్షరాలకు ఇరవై ఎనిమిది వారాలు పట్టింది. నికెల్ సంఖ్య కూడా ఇరవై ఎనిమిదే గాని దానికి అర్థం వెదకవద్దు, కాకతాళీయం. తరువాత గుణింతాలు, తరువాత ఒత్తులు. తెలుగు వ్రాత చిత్రమైనది, పక్కకు మాత్రమే పెరగదు, కిందికి కూడా పెరుగుతుంది. "రాష్ట్రం" అని వ్రాయవలెనంటే షకారం కింద టకారం, దానికి రకారం, ఒకటి పట్టుకుంటే ఇంకొకటి వ్రేలాడుతుంది. మా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు, ఇనుప పని చేసే వారు, మొదటిసారి "స్త్రీ" అని తప్పు లేకుండా వ్రాసి, బల్ల మీద కాగితాన్ని దూరంగా పెట్టి చాలాసేపు చూచుకున్నారు. అతుకు వేసినవాడికి అతుకు విలువ తెలుస్తుంది.

ఇప్పుడు మన ఈ ఊరి తరగతి సంగతికి వస్తాం. కార్యవర్గం వారు మాకు విషయం ఇచ్చినప్పుడు ఇది వారి మనస్సులో ఉన్నదో లేదో గాని, మా మనస్సులో ఉన్నది.

గురువారం సాయంకాలం తరగతి పదకొండు మంది పిల్లలతో మొదలైంది. నేడు నలుగురు. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన ఉన్నది: ఆ గది అద్దె సొమ్మును నృత్య ప్రదర్శనల రంగస్థల దీపాలకు మళ్ళించవలెనని. ప్రతిపాదించినవారు మా మిత్రులే. వారి వాదంలో లెక్క ఉన్నది గనుక లెక్కతోనే మాట్లాడుతాం. వారానికి గంట, ఏడాదికి 36 వారాలు, ఆరేండ్లకు 216 గంటలు. అనగా తొమ్మిది పగళ్ళు, తొమ్మిది రాత్రులు. తెలుగునాట ఒక పసిబిడ్డ మెలకువగా ఉండే గంటలు చూచుకుంటే, మూడు వారాలలో ఆ 216 గంటలూ దాటిపోతవి. ఆరేండ్ల చదువు మూడు వారాల బిడ్డకు సమానం కాదు. "ఇంతకు ఇంత అద్దె ఎందుకు" అని వారు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. తరగతి వల్లనే భాష వస్తుందని ఎవరైనా మీకు చెప్పితే నమ్మవద్దు.

దీనికి మా జవాబు ఒక సంగతి. పోయిన చలికాలంలో ఒక పిల్లవాడు, వాళ్ళ కుటుంబం మారిషస్ నుండి వచ్చింది, తరగతిలో చేయి ఎత్తి అడిగినాడు: "మా నాయనమ్మ నన్ను గుంటడా అని పిలుస్తుంది. పుస్తకంలో గుంట అంటే గొయ్యి అని ఉన్నది. నేను గొయ్యినా?" పిల్లలు నవ్వినారు. మేమూ పుస్తకమే తిరగవేసినాం. ఆ రోజు వేరే పని మీద గదిలోకి వచ్చిన ఒక అమ్మగారు, శ్రీకాకుళం ఆడపడుచు, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "ఈ మాట మాదయ్యా," అన్నది. "మా వైపు ఆడపిల్లను గుంట అంటాం, మగపిల్లవాణ్ణి గుంటడు అంటాం. నిన్ను మీ నాయనమ్మ ముద్దుగానే పిలుస్తున్నది."

మారిషస్‌లో తెలుగువారిని కోరంగీలు అనేవారు. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడ ఎక్కినారని ఆ పేరు. రేవు పేరు మనుషుల పేరైపోయింది, ఊరి పేరు కడలిలో పడిపోయింది. ఆ కుటుంబం వారు తమది గోదావరి వైపు అని నాలుగు తరాలుగా అనుకుంటున్నారు. ఒక ముసలమ్మ నోట మిగిలిన ఒక మాట వల్ల, వెదకవలసినది ఇంకా ఉత్తరంగా, విశాఖ దాటి, శ్రీకాకుళం వైపు అని దారి తెలిసింది. ఇది రుజువు కాదు, ఆనవాలు. ఇప్పుడు వారు ఆ వైపు జాబితాలు వెదుకుతున్నారు. 102 నుండి 104కు, 104 నుండి 106కు వెనుకకు నడిచినట్లు.

ఆ మాట తరగతిలో పుట్టలేదు. నాయనమ్మ వంటింట్లో పుట్టింది. వందేండ్లుగా ఆ ఇంట రోజూ పలికినదే. ఎన్ని వేల మాటలు అట్లా పలికి గాలిలో కలిసిపోయినవో. అది గురువారం ఆరు గంటలకు ఒక గదిలో, వినే చెవి ఉన్న చోట పడింది గనుక నిలిచింది. విక్స్‌హౌసెన్‌లో కూడా పరమాణువు పుట్టేది సీసపు రేకు దగ్గర. దానిని పట్టేది అవతల కొసన ఉన్న చిన్న పరికరం. ఆ పరికరం రోజుల తరబడి ఊరికే ఉన్నట్లు కనబడుతుంది. నలుగురు పిల్లలున్న గది కూడా అంతే. దానిని మూసివేస్తే నాయనమ్మలు పలకడం మానరు. వారు పలికినది ఎక్కడా నమోదు కాదు, అంతే.

అందుచేత మేము కోరేది రెండు. గది ఉండవలెను. రంగస్థల దీపాలకు వేరే చందా వేయండి, మొదటి చందా మేమిస్తాం. రెండవది ఇంట్లో పని. రోజుకు పది నిమిషాలు, వంట చేస్తూ, బూట్లు తొడుగుతూ, తెలుగులో. పది నిమిషాల చొప్పున ఏడాదికి అరవై గంటలు దాటుతవి. మా తరగతి 36 గంటల కన్న అది ఎక్కువ. తెలుగు బాగా రాదని సిగ్గుపడే తల్లిదండ్రులు ఉన్న ఆ పది మాటలతోనే మొదలుపెట్టవచ్చును.

గుంటడి సంగతి జరిగిన నాటి నుండి తరగతిలో నోటుపుస్తకాలు పెట్టినాం. ఇప్పటికి రెండు నిండినవి, మూడవది సగం అయింది. మాట, ఆ మాట ఎవరి నోట విన్నారు, ఎప్పుడు వాడేవారు, ఆ ఇంటివారు ఏ దేశం నుండి వచ్చినారు, ఇంతే వ్రాయండి. తెలుగు లిపి రానివారు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాయండి, పిల్లలు దానిని తెలుగులోకి మార్చుకుంటారు, అదే వారికి వ్రాతపని. తప్పొప్పులు చూడవద్దు. అర్థం తెలియకపోయినా ఫరవా లేదు, చెవికి వినబడినట్లు వ్రాయండి. వినని మాటను విన్నట్లు మాత్రం వ్రాయవద్దు, 2002 సంగతి ఇందాక చెప్పినాం.

సర్వసభ్య సమావేశం వచ్చే శనివారం సాయంకాలం నాలుగు గంటలకు, ఇదే హాలులో. చందా బాకీ ఉన్నవారికి వోటు లేదు గనుక కోశాధికారిగారిని ఈ రోజే చూడండి. నోటుపుస్తకాలు మూడూ గుమ్మం పక్కన బల్ల మీద, పాయసం గిన్నెకు కొంచెం దూరంగా పెట్టించినాం. కలాలు రెండున్నవి. నీలిరంగుది సరిగా వ్రాయదు, నల్లదానిని తీసుకొనండి.